ఇంటర్వెల్ కబుర్లు: కొబ్బరిచెట్టు కనిపిస్తే చాలా?

ఈ వారం ఉత్తరాల కట్ట విప్పగానే పైనే ఓ కవరు, కాశీబుగ్గ ముద్రతో. మా ఉద్దానం వైపు నుంచి ఉత్తరం వచ్చిందంటే మిగతా కట్టంతా పక్కన పడేసి ముందు అదే చదువుతాను. ఈ పక్షపాతం నాకుందని ఎడిటర్ గారికి తెలుసు. ఇప్పుడు మీకూ తెలిసింది.

రాసింది ముగ్గురు కుర్రాళ్ళు. ఒకడు జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. ఒకడికి సెల్‌ఫోన్ రిపేరు షాపుంది. మూడోవాడు డిగ్రీ పూర్తిచేసి, వాళ్ళ మాటల్లోనే చెప్పాలంటే, "పలాస స్టేషన్లో రైళ్ళు లెక్కపెడుతున్నాడు". ఏడాదిన్నరగా చీటీ వేసి డబ్బు పోగుచేశారట. "అన్నయ్య గారూ, ఈసారి సెలవులకి అరకూ వద్దు, గోవా వద్దు. విమానం ఎక్కాలి. సినిమా పాటలో లాగ నీలం సముద్రం, తెల్ల ఇసక, కొబ్బరిచెట్లు వుండాలి. బాంకాకా, బాలీయా, సింహళమా, మారిషసా? మీరేది చెబితే అది" అని అడిగారు.

కింద చిన్న అక్షరాలతో ఓ తోక తగిలించారు. "ఇక్కడొకాయన కాంబోడియా కూడా అలాగే వుంటుంది, టికెట్ డబ్బులో సగం నేనే పెడతాను, నచ్చితే అక్కడే కంప్యూటర్ ఉద్యోగం కూడా చూపిస్తాను అంటున్నారు. వెళ్ళమంటారా?"

పైన అడిగింది సరదా ప్రశ్న, కింద అడిగింది అసలు ప్రశ్న. విలన్‌ని మొదటి రీల్లోనే పట్టిచ్చేస్తే సినిమా ఏముంటుంది గనక? ముందు పాటలూ ఫైట్లూ కానిద్దాం.

* * *

మనలో చాలామందికి దేశాలతో పరిచయం డ్యూయెట్లలోనే. 1979లో బాలచందర్ గారి "అందమైన అనుభవం" వచ్చింది. కమలహాసన్, రజనీకాంత్, జయప్రద, వాళ్ళతోపాటు సింగపూరు. మా మేనమామ ఆ చిత్రాన్ని టెక్కలిలో ఏడుసార్లు చూశాట్ట. కథ అడిగితే చెప్పలేడు గాని, సింగపూరు రోడ్లు ఎంత శుభ్రంగా వుంటాయో ఇప్పటికీ గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. పాస్‌పోర్టు మొహం మాత్రం చూడలేదు పాపం. తర్వాతి తరానికి బాంకాక్ వచ్చింది. 2007లో "చిరుత" చూసినవాళ్ళకి ఆ సంగతి నేను చెప్పనక్కర్లేదు. పూరి జగన్నాథ్ గారు కథ రాసుకోవాలంటే అక్కడికే వెళతారన్నది పరిశ్రమలో అందరికీ తెలిసిన కబురే.

అయితే తెరని నమ్మి టికెట్ కొనకండి. దేశాల విషయంలో తెర అబద్ధాలాడుతుంది. "బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్" (1957) కథ జరిగేది సయాం అడవుల్లో. షూటింగు చేసింది సింహళంలో, కితుల్‌గల దగ్గర కెలనీ నది మీద. "ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్" (1984) కథ చాలామటుకు మన ఇండియాలో. ఔట్‌డోర్ దృశ్యాలు తీసింది ఎక్కువగా కాండీ పరిసరాల్లో, అంటే మళ్ళీ సింహళంలోనే. ఇండియా చూద్దామని ఆ సినిమా పట్టుకుని బయల్దేరిన తెల్లవాడు కొలంబోలో దిగాలన్నమాట.

ఇంకో సంగతి. థాయిలాండులో మాయా బే అనే చిన్న బీచి వుంది. 2000 సంవత్సరంలో వచ్చిన లియొనార్డో డికాప్రియో "ది బీచ్" అక్కడే తీశారు. సినిమా చూసినవాళ్ళంతా పడవలెక్కి పరుగెత్తారు. ఆ తొక్కిడికీ, పడవల లంగర్లకీ నీటి అడుగున పగడాలు చచ్చిపోయాయి. చివరికి 2018 జూన్‌లో ప్రభుత్వం ఆ బీచికి తలుపులేసేసి, 2022 జనవరిలో గాని మళ్ళీ తెరవలేదు. తెరిచాక కూడా లెక్కపెట్టి జనాన్ని పంపుతున్నారు. ఒక హిట్టు చిత్రం ఒక సముద్రతీరాన్ని మూడున్నరేళ్ళు మంచాన పడేసింది. కాబట్టి తమ్ముళ్ళూ, పాటలో చూసిన చోటికే వెళ్ళాలని పట్టుబట్టకండి. అదే దేశంలో దాని పక్క వూరు చూడండి. ఖర్చూ తక్కువ, జనమూ తక్కువ.

* * *

అసలు "ఉష్ణమండల దేశం" అంటే ఏమిటి? కర్కటరేఖకీ మకరరేఖకీ మధ్య వున్నదంతా ఉష్ణమండలమే. ఆ లెక్కన మన ఉద్దానం కూడా అందులోదే. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు దారుల్లో ఆ కొబ్బరి, ఆ జీడిమామిడి, ఆ పనస చూసి, పైనుంచి వచ్చిన మా స్నేహితుడొకడు "ఇదేదో కేరళలా వుందిరా" అన్నాడు. "కేరళే మాలా వుంటుంది" అన్నాను. తగ్గుతామా? బారువ దగ్గర సముద్రంలో చిల్కా అనే పాత ఓడ శిథిలం మునిగి వుంది. ఈత వచ్చినవాళ్ళు గాలిసిలిండరు కట్టుకుని దిగి చూసి వస్తారు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ ప్రతి ఏటా వచ్చి సంసారం పెడతాయి. వాటికి వీసా లేదు, ఏజెంటు లేడు. వెళ్ళే నెలా తిరిగొచ్చే నెలా మాత్రం తప్పవు.

మనం ఆ పక్షుల దగ్గర నేర్చుకోవాల్సింది అదే. చాలామంది ముందు దేశం ఎంచుకుని తర్వాత నెల చూసుకుంటారు. నన్నడిగితే ముందు నెల, తర్వాతే దేశం. ఉష్ణమండలంలో చలికాలం వుండదు గాని వానాకాలం వుంటుంది. అది అన్నిచోట్లా ఒకేసారి రాదు.

మీకు సంక్రాంతికి సెలవు దొరికితే థాయిలాండు పడమటి తీరం, అంటే ఫుకెట్, క్రాబీ వైపు, బాగుంటుంది. సింహళంలో గాలె, బెంతోట వున్న నైరుతి తీరమూ, మలేసియాలో లంకావీ ద్వీపమూ అప్పుడు పొడిగా వుంటాయి. వేసవి సెలవుల్లో వెళ్ళేటట్టయితే లెక్క తిరగబడుతుంది. ఫుకెట్లో అప్పటికి వాన మొదలవుతుంది. బాలీలో పొడికాలం నడుస్తుంటుంది. సింహళానికే వెళ్ళాలనుకుంటే తూర్పున ట్రింకోమలీ వైపు తిరగాలి. మారిషస్ భూమధ్యరేఖకి దక్షిణాన వుంది కనక మనకి మే, జూన్ మంటలు మండుతుంటే వాళ్ళకి చల్లని రోజులు. జనవరి నుంచి మార్చి దాకా అక్కడ తుఫాన్ల భయం.

తుఫాను అన్న మాట వచ్చింది గనక చెబుతున్నాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస దగ్గరే తీరం దాటింది. మా ఇంటి వెనక నలభై కొబ్బరిచెట్లుండేవి. తెల్లారేసరికి తొమ్మిది మిగిలాయి. ఆ రాత్రి చూసినవాడు ఏ దేశం వెళ్ళినా ముందు ఆకాశం కేసే చూస్తాడు. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను సింహళాన్ని ముంచేసినప్పుడు, బీచి ఫోటోల కోసం వెళ్ళినవాళ్ళు హోటళ్ళలో చిక్కుకుపోయారు. అక్టోబరు, నవంబరుల్లో టికెట్లు చవగ్గా దొరుకుతాయి. ఎందుకు చవకో ఇప్పుడర్థమైంది కదా?

* * *

ఇక దేశాల వరస చూద్దాం.

సింహళం దగ్గర, చిన్నది. వారంలో సముద్రం, కొండ, టీ తోట, ఏనుగులు అన్నీ అవుతాయి. మొదటిసారి పాస్‌పోర్టు వాడేవాళ్ళకి మంచి దేశం. తుఫాను దెబ్బతిన్న దారులు బాగయ్యాయో లేదో మాత్రం కనుక్కుని కదలండి.

థాయిలాండు అందరూ వెళ్ళేదే. తిండి చవక, తిరగడం సులువు. ఫాంగ్‌ఙా అఖాతంలో నీళ్ళలోంచి నిలువుగా లేచిన ఒంటిరాయి ఒకటుంటుంది. 1974లో జేమ్స్‌బాండ్ చిత్రం "ది మేన్ విత్ ది గోల్డెన్ గన్" తీశాక దాని అసలు పేరు మర్చిపోయి జేమ్స్‌బాండ్ దీవి అనేశారు. మన పోలికలో చెప్పాలంటే సినిమావాళ్ళు వూరి పేరు మార్చేశారన్నమాట.

వియత్నాం సంగతి మన జీడిపప్పు లెక్కల తమ్ముడికి ఆసక్తి. ప్రపంచంలో జీడిపప్పు ఎగుమతికి ఇవాళ వాళ్ళే పెద్దన్న. పలాస బట్టీల ముందు ఆఫ్రికా పిక్క ఎందుకు దిగుతోందో, రేటు ఎందుకు అటూ ఇటూ వూగుతుందో, అక్కడ ఓ రోజు తిరిగితే సగం అర్థమవుతుంది. జీడిచెట్టు పుట్టిల్లు చూడాలంటే మాత్రం బ్రెజిల్ వెళ్ళాలి. పోర్చుగీసువాళ్ళు అక్కణ్ణుంచే తెచ్చి మన తీరాన నాటారు. అక్కడ నటాల్ నగరం దగ్గర ఒకే ఒక్క జీడిచెట్టు కొమ్మలు నేలకానించి మళ్ళీ వేళ్ళు దింపుకుంటూ రెండెకరాలు ఆక్రమించేసింది. మీ చీటీ డబ్బుకి బ్రెజిల్ అందదు. కాని పలాసవాడికి ఇలాంటి కల ఒకటుండాలి.

మారిషస్ మనవాళ్ళ దేశం. 1843లో "కోరంగీ ప్యాకెట్" అనే ఓడ మన కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలను ఎక్కించుకుని అక్కడికి చేరింది. చెరకు తోటల్లో వాళ్ళు వంచిన నడుములు తరాలు మారాక గాని లేవలేదు. ఇవాళ అక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. బళ్ళలో తెలుగు చెబుతారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. కూలీలు ఓడ దిగి ఎక్కిన రాతిమెట్లు పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్ పేరుతో వున్నాయి. 2006లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. విమానం ఖర్చు ఎక్కువ. వీసా బెడద తక్కువ.

మలేసియా గురించి కాసేపాగి చెబుతాను. దాని వెనక మా అమ్మ వుంది.

కాగితాల మాట కూడా అయిపోనివ్వండి. పాస్‌పోర్టు గడువు వెళ్ళే నాటికి ఆరు నెలలకి పైగా వుండాలి. పదో తరగతి పాసయిన సర్టిఫికెట్ జతచేసి పాస్‌పోర్టు తీసుకోండి. లేకపోతే "ఎమిగ్రేషన్ చెక్" ముద్ర పడుతుంది. థాయిలాండు, మలేసియా, ఇండోనేసియా ఆ చెక్ వర్తించే దేశాల జాబితాలో వున్నాయి. 2023 చివర్లో థాయిలాండూ మలేసియా మనవాళ్ళకి వీసా తీసేశాయి గాని, ఆ దేశంలో దిగేముందు ఫోన్లోనే ఓ ఫారం నింపాలి. నియమాలు సినిమా రిలీజు తేదీల్లాంటివి, ఎప్పుడైనా మారతాయి. టికెట్ కొనే రోజున ఆ దేశపు ప్రభుత్వ సైటు చూడండి. ఎవరి వాట్సాప్ స్టేటసూ చూడకండి.

* * *

ఇప్పుడు మా అమ్మ సంగతి.

ఉద్దానంలో ముసలివాళ్ళు రంగూన్‌ని రంగూన్ అనరు, "రంగం" అంటారు. మా ముత్తాత రంగం వెళ్ళాడు. ఆ రోజుల్లో వూళ్ళోకి మేస్త్రీ వచ్చేవాడట. ఓడ చార్జీ తనే పెట్టేవాడు, ఇంట్లో ఖర్చుకి కాస్త అడ్వాన్సు ఇచ్చేవాడు. అక్కడ దిగాక రేవులో మూటలు మోసి ఆ అప్పు తీర్చాలి. తీర్చేలోపల మళ్ళీ అప్పు. బర్మావాళ్ళు మనల్ని "కోరంగీలు" అని పిలిచేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళను పెట్టుకుని, సమ్మె అయ్యాక వాళ్ళను తీసేశారు. ఆ రాజుకున్న నిప్పుకి వందమందికి పైగా చచ్చిపోయారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. 1941 డిసెంబరులో జపానువాళ్ళు బాంబులేశాక లక్షలమంది కాలినడకన అడవులు దాటి వచ్చారు. మా ముత్తాత రాలేదు. యుద్ధమయ్యాక కూడా అక్కడే వుండిపోయి చిన్న కొట్టు పెట్టుకున్నాడు.

మా అమ్మ పుట్టింది రంగంలో. 1962లో నెవిన్ సైన్యంతో గద్దెనెక్కాడు. 1964లో కొట్లన్నీ ప్రభుత్వపరం చేశాడు. అదే ఏడాది మేలో యాభై, వంద క్యాట్ నోట్లు చెల్లవన్నాడు. మా తాత దాచుకున్నవన్నీ ఆ నోట్లే. మరుసటేడు ఓడెక్కారు. అమ్మకి ఎనిమిదేళ్ళు. రేవులో కస్టమ్స్‌వాళ్ళు ఆమె చెవుల్లో బంగారు పోగులు తీయించి బల్లమీద పెట్టుకున్నారు. "ఏడవలేదురా, ఓడ పెద్దదిగా వుంటే దానికేసే చూస్తూ వున్నాను" అంటుంది ఇప్పటికీ. విశాఖలో దిగారు. అలా దిగినవాళ్ళ పేరుమీదే అక్కడ బర్మా క్యాంపు అని ఓ పేట వుంది. తర్వాత మా తాత ఉద్దానం తిరిగొచ్చి కొబ్బరితోట కౌలుకి పట్టాడు.

1979లో కృష్ణంరాజు "రంగూన్ రౌడీ" వస్తే మా అమ్మ ఆశగా వెళ్ళిందట, రంగం కనపడుతుందని. కనపడలేదు. "రౌడీయే కనిపించినాడు, రంగం ఏదీ?" అని తిట్టుకుంటూ వచ్చిందట. అప్పుడప్పుడు చేపల పులుసులో బియ్యపు సేమ్యా వేసి "మొహింగా" వండుతుంది. మా పిల్లలకది నూడుల్సు, ఆమెకది పుట్టిన వూరు.

నేను సంపాదనలో పడ్డాక మాటిచ్చాను, రంగం తీసుకెళతానని. 2020లో వెళదామనుకుంటే కరోనా వచ్చింది. సరే, వచ్చే ఏడాది అనుకున్నాను. 2021 ఫిబ్రవరి 1న మళ్ళీ సైన్యం గద్దెనెక్కింది. అప్పట్నుంచీ అక్కడ అన్నదమ్ముల యుద్ధం. 2025 మార్చి 28న భూకంపం. వెళ్ళవద్దనే చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. "అయితే ఎప్పుడు?" అంది. అంతే.

అందుకని 2025 సంక్రాంతికి, ఆ భూకంపానికి రెండు నెలల ముందే, మలేసియా తీసుకెళ్ళాను. కౌలాలంపూరులో జంట గోపురాలు చూపిస్తే "ఎన్ని అంతస్తులో" అని వూరుకుంది. మూడోరోజు కారు మాట్లాడుకుని రెండున్నర గంటలు ప్రయాణం చేసి పేరాక్ రాష్ట్రంలో బాగాన్ దాతో వెళ్ళాం. అదంతా కొబ్బరితోటల సీమ. తోటల్లో పనికని మన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు తరాలుగా అక్కడున్నారు. టూరిస్టు బస్సులు అటు తిరగవు.

కారు దిగి మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నిటారుగా, వరసగా, ఒక్కటీ వాలకుండా నిలబడ్డ చెట్లు. "ఈళ్ళకి తిత్లీ రాలేదురా" అంది.

అమ్మ అన్నది శాస్త్రం కూడా. భూమధ్యరేఖకి బాగా దగ్గరగా తుఫాన్లు పుట్టడం చాలా అరుదు. గాలి సుడి తిరగడానికి కావలసిన భూభ్రమణపు తోపుడు అక్కడ చాలదు. అరుదేగాని అసలు లేకపోలేదు. 2025 నవంబరులో సెన్యార్ అని ఒకటి మలక్కా జలసంధిలోనే పుట్టి సుమత్రాని ముంచి, మలేసియా మీద కూడా పడింది. ఈ ముక్క మా అమ్మకింకా చెప్పలేదు.

అక్కడో ఇంటి అరుగుమీద ఓ ముసలామె కొబ్బరి ఈనెలు చీపురు కడుతోంది. మమ్మల్ని చూసి తమిళంలో ఏదో అడిగింది. మా అమ్మ తెలుగులో జవాబిచ్చింది. ఆమె చేతిలో కత్తి కిందపెట్టి, "తెలుగోలా? యే వూరు తల్లీ?" అంది.

"పలాస దగ్గర."

"మా తాతలది సికాకోలు. ఊరి పేరు మరి సెప్పలేదు ఓలూ. అక్కడా కొబ్బరి వుంటాదా?"

ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. నేను ఫోటోలు తియ్యడం మర్చిపోయాను. మా అమ్మ ఆమెకి ఉద్దానం చెప్పింది. పనసకాయ కోసే రోజు, జీడిపిక్క కాల్చే పొగ, కార్తీకంలో సముద్రస్నానం అన్నీ చెప్పింది. తను పుట్టని వూరిని ఒకామె, ఎప్పుడూ చూడని వూరిని ఇంకొకామె, ఇద్దరూ మాది మాది అని పంచుకున్నారు. కారెక్కాక అమ్మ, "రంగంలోనూ మనవోళ్ళు ఇలాగే మిగిలుంటారు గదా" అంది. నేను కిటికీలోంచి చూస్తూ వుండిపోయాను.

* * *

ఇక క్లైమాక్స్. తమ్ముళ్ళూ, ఆ టికెట్‌లో సగం పెడతానన్న పెద్దమనిషి సంగతి.

మా ముత్తాత మేస్త్రీ కథ ఎందుకు చెప్పానో ఈపాటికి మీకు తట్టే వుంటుంది. ఓడ చార్జీ ఎవడు పెట్టాడో వాడే యజమాని. వందేళ్ళలో ఓడ పోయి విమానం వచ్చింది, మూటలు పోయి కంప్యూటర్ వచ్చింది. మేస్త్రీ మాత్రం పోలేదు.

మా వూరి కుర్రాడొకడు ఇలాగే వెళ్ళాడు. డేటా ఎంట్రీ ఉద్యోగం, బాంకాక్ మీదుగా కాంబోడియా, టూరిస్టు వీసా. "ముందు సెలవులా వెళ్ళు, అక్కడ మార్పిస్తాం" అన్నారట. దిగగానే పాస్‌పోర్టు పుచ్చుకున్నారు. పెద్ద గోడల కాంపౌండులో పెట్టారు. పని ఏమిటంటే, ఆడపిల్ల ఫోటో పెట్టుకుని మన దేశంలోనే వున్న అమాయకులతో ప్రేమ కబుర్లు చెప్పి, చివరికి వాళ్ళ డబ్బు దోచెయ్యడం. చెయ్యనంటే తిండి బందు. వదిలిపెట్టాలంటే లక్షల్లో కట్టమన్నారు. వాళ్ళ నాన్న తోట అమ్మకానికి పెట్టాడు. 2024లో కుర్రాడు ఎలాగో ఇంటికి చేరాడు. ఇప్పటికీ ఫోను మోగితే ఉలిక్కిపడతాడు. అతను మోసం చేసింది మన తెలుగువాళ్ళనే. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఏడుస్తాడు.

ఇది ఒక్కడి కథ కాదు. 2024 మేలో విశాఖ పోలీసులు ఇలా కాంబోడియాకి మనుషుల్ని పంపే ముఠాను పట్టుకున్నారు. 2025 మార్చిలో బర్మా సరిహద్దు కాంపౌండ్ల నుంచి తప్పించిన ఐదువందలమందికి పైగా భారతీయులను మన వాయుసేన విమానాల్లో తీసుకొచ్చింది. కాంబోడియా దేశాన్ని నేను తప్పుపట్టను. అంకోర్‌వాట్ జీవితంలో ఒక్కసారైనా చూడవలసిన గుడి. మీ డబ్బుతో, మీ టికెట్‌తో, తిరుగు టికెట్ జేబులో పెట్టుకుని వెళ్ళి చూసి రండి.

గుర్తు పెట్టుకోవలసినవి మూడే. సెలవుకి వెళ్ళేవాడు సెలవుకే వెళ్ళాలి, టూరిస్టు వీసామీద ఉద్యోగం చాలా దేశాల్లో నేరమే. నిజంగా ఉద్యోగమే కావాలంటే, పంపే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం ఇ-మైగ్రేట్ జాబితాలో వున్నాడో లేదో చూడండి. ఇక మీ పాస్‌పోర్టు, విమానాశ్రయం అధికారికో హోటలు బల్ల దగ్గరో చూపించి తిరిగి తీసుకునేదే తప్ప, ఎవరికీ దాచమని ఇచ్చేది కాదు.

రైళ్ళు లెక్కపెట్టే మూడో తమ్ముడికి ఒక ముక్క. ఆ పెద్దమనిషి వల విసిరింది ముగ్గురిమీదా కాదు, నీమీద. మిగతా ఇద్దరికీ తిరిగొచ్చి చేసుకోడానికి పనుంది. నీకు లేదని అతనికి తెలుసు. 2018లో పాకిస్తాను జలాల్లో పట్టుబడి 2020 జనవరిలో విడుదలైన మన జిల్లా మత్స్యకారుల కథతో "తండేల్" వచ్చింది, 2025లో. నువ్వు చూసే వుంటావు. తెరమీద ఎదురుచూపు రెండున్నర గంటలు. ఇంటి దగ్గర అమ్మకి అది అంతసేపే వుండదు.

కాబట్టి నా తీర్పు ఇది. సంక్రాంతికి వెళ్ళండి. మొదటిసారి కనక సింహళం గాని మలేసియా గాని. డబ్బు మీ ముగ్గురిదే కావాలి, చాలకపోతే రెండు రోజులు తగ్గించుకోండి. మలేసియా అయితే ఒకరోజు జంట గోపురాలు మానేసి బాగాన్ దాతో వెళ్ళండి. ఓ అరుగుమీద ముసలామె కనిపిస్తే, పలాసలో కొబ్బరి మళ్ళీ కాపుకొస్తోందని చెప్పండి. తిత్లీ తర్వాత మా అమ్మ నాటిన మొక్కల్లో మొదటిది నిరుడు గెల వేసింది.

మా అమ్మ ఇంకా అడుగుతూనే వుంది, "రంగం ఎప్పుడు?" అని. ఆవిడ పాస్‌పోర్టు 2034 దాకా చెల్లుతుంది. నేనే చూసి బీరువాలో పెట్టాను.

బెల్లు కొట్టారు. లోపలికి పదండి. వచ్చేవారం మళ్ళీ ఇంటర్వెల్లో కలుద్దాం.